కాయ నిలవని పత్తిచెట్టు

మా ఆయన అడక్కుండానే చెయ్యి చాపి, మా చెల్లెలు సుశీల పెదవుల మధ్య నుంచి ఎర్రదారం ముక్కను తీసుకున్నారు. నాకు మొదటిసారి భయం వేసింది సరిగ్గా ఆ క్షణంలో. చంకలో రెండేళ్ళ బాబు, చేతిలో మజ్జిగ చెంబుతో నేను పత్తిచేను గట్టు మీద నిలబడి ఉన్నాను. వాళ్ళిద్దరూ నన్ను చూడలేదు. చూసినా దాచుకోవలసిందేమీ అందులో లేదు. పత్తిపూలకు సంకరం చేసేటప్పుడు రెండు చేతులూ పువ్వు దగ్గరే ఉంటాయి. పని ముగిశాక కాడకు కట్టాల్సిన గుర్తు దారాన్ని పక్కనున్న మనిషి పెదవుల మధ్య పట్టుకుని సిద్ధంగా ఉండాలి. అది పని పద్ధతి. కానీ ఆ పద్ధతి మా ఇద్దరిది. పెళ్ళయిన మొదటి ఏడాది ఆ దారం నా పెదవుల మధ్య ఉండేది. ఆయన పువ్వు మీద నుంచి కళ్ళు తిప్పకుండానే చెయ్యి చాపేవారు. నా నోరు ఎక్కడుందో ఆ చేతికి తెలుసు. ఇప్పుడు అదే చెయ్యి, అంతే నమ్మకంగా, ఇంకో ముఖం వైపు వెళ్ళింది. నేను గట్టు దిగలేదు. బాబు చెంబులో చెయ్యి పెట్టి మజ్జిగ కలుపుతుంటే వద్దనలేదు.

ఇవాళ సుశీల వచ్చి వెళ్ళింది. ఇప్పుడది వినుకొండలో టీచరు. మొగుడూ కొడుకూ ఉన్నారు. భోజనాలయ్యాక ఆయనా అదీ వసారాలో కూర్చుని పాత పత్తి సంగతులు చెప్పుకుని నవ్వుకున్నారు. ఆ నవ్వు వంటింట్లోకి వినపడగానే నా చేతిలో గిన్నె ఆగిపోయింది. నాలుగేళ్ళయింది, ఇద్దరు పిల్లలూ బడికి పోతున్నారు, అయినా ఆగిపోయింది. సాయంత్రం రైలుకి దాన్ని పంపి వచ్చి, పిల్లల్ని పడుకోబెట్టి, ఇదంతా రాస్తున్నాను. పద్మ దగ్గినప్పుడల్లా కలం పక్కన పెట్టి వెళ్ళి దాని నుదురు ముట్టుకుని వస్తున్నాను. జ్వరం లేదు. ఉన్నట్టు అనిపిస్తుంది, అంతే. అప్పుడూ ఇప్పుడూ నేను ఇలాగే ఉన్నాను. ఏదో పోబోతోందని ముందే అనిపిస్తుంది, ఏదన్నది మాత్రం ఆలస్యంగా తెలుస్తుంది.

అప్పుడు మేం నరసరావుపేటలో, వెనక పెద్ద దొడ్డి ఉన్న పెంకుటింట్లో అద్దెకుండేవాళ్ళం. ఆయన కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారు. నేను గుంటూరులో అదే శాస్త్రం చదివి డిగ్రీ తెచ్చుకున్నదాన్ని. ఇంటి పెత్తనమంతా అత్తగారిది. తెల్లవారకముందే ఆవిడ రోటి ముందు కూర్చునేది. రాత్రి బకెట్లో నానబెట్టిన పత్తిగింజల్ని గేదె కోసం రుబ్బేది. ఆ పచ్చివాసన, కాస్త తియ్యగా, కాస్త నూనెగా, గోడలకు కూడా పట్టి ఉండేది. మా పక్కింటివాళ్ళు దూదేకులవాళ్ళు. పొద్దెక్కాక వాళ్ళింట్లో దూదేకే విల్లు చప్పుడు మొదలయ్యేది. ఒకే స్వరం, ఎక్కడా తెగకుండా, మధ్యాహ్నం దాకా. దూది నలుసులు గోడ దాటి వచ్చి మా ఆరేసిన బట్టల మీద, అన్నం వార్చే గిన్నె మీద, పిల్లల జుట్టులో వాలేవి. మొదట్లో విసుక్కునేదాన్ని. తర్వాత పిల్లల తలలు దువ్వేటప్పుడు ఆ నలుసులు ఏరడం కూడా ఇంటిపనుల్లో ఒకటైపోయింది.

కోటప్పకొండ వైపు ఆయన ఒక చిన్న నేల చెక్క కౌలుకు తీసుకుని రెండు రకాల పత్తి వేశారు. ఒకటి మా పల్నాటి నేలలో తరతరాలుగా పండే దేశవాళీ పత్తి. పువ్వు చిన్నది, పసుపుపచ్చన, లోపల ఎర్రటి కన్ను. వానలు లేకపోయినా బతుకుతుంది, పురుగుకు లొంగదు. కాయ మాత్రం చిన్నది, దూది పొట్టిది. రెండోది అమెరికా పత్తి. పువ్వు పెద్దది, మీగడ రంగు, మర్నాటికి గులాబీ రంగుకు తిరిగి వాడిపోతుంది. దూది పొడుగ్గా, మెత్తగా ఉంటుంది, కానీ చెట్టు సుకుమారం. దేశవాళీ ఓర్పునూ, అమెరికా దూదినీ ఒకే చెట్టులోకి తేవాలని ఆయన ఆశ.

చూడటానికి ఆ రెండూ అక్కాచెల్లెళ్ళే. ఒకే చేలో పక్కపక్కన పూస్తాయి. ఒకే తేనెటీగ ఈ పువ్వు పుప్పొడిని ఆ పువ్వుకు మోస్తుంది. అయినా ఎన్నేళ్ళయినా దేశవాళీ దేశవాళీగానే ఉంటుంది, అమెరికా అమెరికాగానే ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో ఆయన నాకిది చెప్పినప్పుడు రాత్రి నిద్రపట్టలేదు, అంత బాగుంది నాకు. పరాయి పుప్పొడి వచ్చినా, సొంత జాతి పుప్పొడి ముందుగా పరిగెత్తి లోపలికి చేరుతుంది. పోనీ, సొంత పుప్పొడి తగలకుండా మనమే మొగ్గను విప్పి, కేసరాలు తీసేసి, కాగితపు గొట్టం తొడిగి, మర్నాడు పొద్దున పరాయి పుప్పొడి రాశామనుకోండి, పిందె పడుతుంది, కొద్ది రోజుల్లో రాలిపోతుంది. ఏదో ఒక పిందె రాలకుండా ముదిరినా, లోపల గింజలు తాలుగా ఉంటాయి. ఒక చోట కాపలా తప్పితే ఇంకో చోట కాపలా. ఎవరూ కట్టని కంచెలు ఇవి. ఇన్ని కంచెలు దాటి ఒక్క చెట్టైనా రాకపోతుందా అని ఆయన, ఆయన పక్కన నేను.

పద్మ పుట్టాక చేనుకు పోవడం తగ్గింది. బాబు పుట్టాక మానేశాను. పిల్లలు ఏడిస్తే నేను ఆగలేను. వాళ్ళ ఏడుపు మొదటి శబ్దానికే స్నానం మధ్యలోనుంచైనా తడి చీరతో పరిగెత్తేదాన్ని. అత్తగారు నవ్వేది. "కాసేపు ఏడిస్తే గొంతు లావవుద్దిలేవే" అనేది. నావల్ల అయ్యేది కాదు. ఆ దసరాకి సుశీల సత్తెనపల్లి బస్సులో వచ్చింది. డిగ్రీ అయిపోయింది, టీచరు ట్రైనింగుకి ఇంకా టైముంది, నాకు సాయంగా ఉంటుందని మా అమ్మ పంపింది. వారం తిరక్కుండానే అది చేనుకు పోవడం మొదలుపెట్టింది. అదే అందరికీ మేలనుకున్నాను. ఆయనకు తోడు కావాలి, నాకు తీరిక లేదు. కానీ రాత్రి అన్నాలప్పుడు ఆయన, "సుశీ వేళ్ళు చానా నాజూకు. మొగ్గ విప్పితే రేకు చిరగదు" అన్నప్పుడు నేను నా వేళ్ళు చూసుకున్నాను. పసుపు, బూడిద, గేదె తొట్టి కడిగిన పగుళ్ళు. ఈ వేళ్ళే ఒకప్పుడు ఆ పని చేశాయని ఆయనకు గుర్తులేదేమోననిపించింది. ఆయన మాటకు సుశీల తలొంచుకుని నవ్వింది. ఆ నవ్వు నేను నేర్పిందే. చిన్నప్పుడు మా నాన్న మెచ్చుకున్నప్పుడు నేనలాగే నవ్వేదాన్ని, పక్కన కూర్చుని అది చూసేది.

పక్కింటి మస్తాన్‌బీని నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆవిడ నోటికి అడ్డు లేదు. ఒకరోజు గోడ మీద దూది ఆరబెడుతూ, "ఏందే కమలా, చెల్లెల్ని మొగుడెంట పంపి నువ్వు గేదెని కాపలా కాస్తన్నావా? గేదె యాడికీ పోదులే" అంది.

"బావా మరదళ్ళు, చదువుకున్నవాళ్ళు, పని చేసుకుంటన్నారు. నీకేందక్కా?" అన్నాను.

"నాకేం లేదమ్మా. ఊరికే అడిగా. నాకున్నది ఒక మొగుడు, ఆయనకున్నది ఒక విల్లు. ఆ విల్లుని చూస్తేనే నాకు ఒళ్ళు మండుద్ది."

ఇద్దరం నవ్వుకున్నాం. ఇంట్లోకి వచ్చాక నా నవ్వు నిలవలేదు. ఎందుకంటే ఆ వారమే అత్తగారు, పొయ్యి దగ్గర కూర్చుని, ఎవరితోనో కాదు నాతోనే అన్నట్టు, తన పెదనాన్న ఇద్దరక్కచెల్లెళ్ళను చేసుకున్నాడని, ఆ ఇంట్లో ఒక్కనాడు గొడవ వినపడలేదని చెప్పింది. "చెల్లెలంటే పరాయిదా ఏంది" అని పుల్ల ఎగదోసింది. అది చట్టానికి విరుద్ధమని నాకు తెలుసు. పొయ్యి ముందు కూర్చున్న ఆవిడకు చట్టం ఎక్కడో గుంటూరులో ఉంది.

ఆ శీతాకాలమంతా వాళ్ళు కట్టిన దారాల కింద పిందెలు రాలుతూనే ఉన్నాయి. ఇద్దరూ దిగులుగా ఇంటికొచ్చేవారు. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో కూర రుచిగా కుదిరేది. అప్పుడు ఒక కాయ నిలిచింది. దేశవాళీ చెట్టుకు, అమెరికా పుప్పొడితో. అది పగిలిన రోజు ఇద్దరూ ఇంటికి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చారు. లోపల ముడుతలు పడ్డ గింజలు నాలుగైదు. సుశీల వాటిని అరచేతిలో పట్టుకుని, "చూడక్కా, మావి" అంది. మావి అన్న మాట దానికి గుర్తుండకపోవచ్చు. ఆ గింజల్ని ఒక ఇత్తడి గ్లాసులో నీళ్ళు పోసి నానేసి, పెరటి కిటికీలో పెట్టి, కుండీ మట్టి తేవడానికి ఇద్దరూ కలిసే వెళ్ళారు.

అత్తగారికి గ్లాసులో పత్తిగింజలు కనిపించాయి. ఆవిడ లెక్కలో పత్తిగింజ అంటే గేదె మేత. ఎవరో పిల్లలు తీసి ఆడుకుంటున్నారనుకుని, గ్లాసు తీసి రోటి పక్కనున్న మేత బకెట్లో ఒంపేసింది. మట్టితో తిరిగొచ్చిన ఆయన ఖాళీ గ్లాసు చూసి అడిగితే, అత్తగారు బకెట్ చూపించింది. సుశీల బకెట్ ముందు చతికిలబడి రెండు చేతులూ లోపల పెట్టింది. బకెట్ నిండా రాత్రంతా నానిన గింజలు. ఏది ఏదో ఎవరు చెప్పగలరు?

"గేదె తినే గింజలకి ఇంత గోలేందిరా? ఇంకో గుప్పెడు ఇస్తా తీసుకోండి" అంది అత్తగారు, నిజంగానే ఇంకో గుప్పెడు తీసి పట్టుకుని.

సుశీల కళ్ళ నుంచి నీళ్ళు బకెట్లో పడుతున్నాయి. ఆయన దాని భుజం తట్టడానికి చెయ్యెత్తి, నన్ను చూసి దించేశారు. నేను వంటింటి గడపలో ఉన్నాను. నాకు ఆ క్షణంలో తెలిసిన సంగతి వాళ్ళిద్దరికీ తోచలేదు. ఏడుపు, కంగారు చదువును కప్పేస్తాయి. చెప్పకపోయినా ఎవరూ నన్ననేవారు కాదు. కానీ తెలిసిన శాస్త్రం పనికిరాకుండా పోతుంటే చూస్తూ ఊరుకోవడం నాకు రాదు. పైగా ఆయన ముఖం చూశాను.

"బకెట్ నిండా నీళ్ళు పొయ్యండి" అన్నాను. "మేత గింజలు రాత్రంతా నాని బరువెక్కాయి, మునుగుతాయి. మీవి తాలు గింజలు, లోపల గాలి. తేలినవన్నీ తీసి నాటండి."

నీళ్ళు పోశారు. గుప్పెడు గింజలు పైకి వచ్చాయి. ఆయన నా వైపు చూసిన చూపు చాలా రోజుల తర్వాత చూసిన చూపు. దాని కోసమే చెప్పానా అంటే చెప్పలేను. "ఎప్పుడూ నువ్వేనక్కా" అంది సుశీల ముక్కు తుడుచుకుంటూ. అందులో మెప్పు ఉంది, ఇంకేదో కూడా ఉంది.

తేలిన గింజల్లో ఎక్కువ భాగం కుళ్ళిపోయాయి. రెండు మామూలు దేశవాళీ మొక్కలుగా తేలాయి. ఒక్కటి మాత్రం, కిరసనాయిలు డబ్బాలో నాటింది, పెరగడం చూస్తే భయం వేసేట్టు పెరిగింది. ఆకు అటూ కాదు, ఇటూ కాదు. కాండం వేలంత లావు. ఎండలు ముదిరేసరికి డబ్బా పగిలి వేళ్ళు నేలలోకి దిగాయి. మా స్నానాల నీళ్ళు తాగి గోడెత్తు లేచింది. తర్వాత పూసింది. అంత పూసిన పత్తిచెట్టు నేను మళ్ళీ చూడలేదు. లేత పసుపు, నడుమ మసకగా ఎర్రటి నీడ. పొద్దున లేచి తలుపు తీస్తే ఎదురుగా అదే. సుశీల రోజూ దాని ముందు నిలబడి జడ అల్లుకునేది. మస్తాన్‌బీ గోడ మీద నుంచి చూసి, "మీ మరదలు పిల్ల లాగే ఉందయ్యా చెట్టు" అంది ఆయనతో. ఆయన కాదనలేదు.

కానీ పూసిన ప్రతి పువ్వూ సాయంత్రానికి రాలేది. ఒక్క పిందె నిలవలేదు. వాళ్ళిద్దరూ దేశవాళీ పుప్పొడి తెచ్చి రాశారు, అమెరికా పుప్పొడి తెచ్చి రాశారు. రాలేవి. ఒక మధ్యాహ్నం పిల్లలు నిద్రపోతుండగా నేనే ఒక పువ్వు తెంపి, కేసరాన్ని గాజుపలక మీద నలిపి, ఆయన సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. పుప్పొడి అంతా నొక్కుకుపోయిన డొల్ల. కారణం నాకు తెలుసు. అమెరికా పత్తి కణంలో క్రోమోజోములు దేశవాళీకి రెట్టింపు. దేశవాళీ నుంచి ఒక వరస, అమెరికా నుంచి రెండు వరసలు వచ్చి ఈ చెట్టులో మూడు వరసలయ్యాయి. పుప్పొడి తయారయ్యే వేళ ప్రతి క్రోమోజోముకూ జత కావాలి. రెండు వరసలు ఒకదాన్నొకటి వెతుక్కుని జతపడతాయి. మూడోది ఒంటరిగా అటూ ఇటూ తిరుగుతుంది. దాంతో మొత్తం చెడిపోతుంది. కాలేజీలో ఇది పరీక్షకు చదివాను. ఆ మధ్యాహ్నం మాత్రం పలక మీద కన్ను పెట్టి, ఈ ఇంట్లో మూడో వరస ఎవరా అని ఆలోచించాను. నేనేనేమోననిపించి, పలక కడిగి ఎక్కడిదక్కడ పెట్టేశాను.

సాయంత్రం బావి దగ్గర బట్టలు పిండుతూ సుశీలకు చెప్పాను, ఆ చెట్టు ఎన్నటికీ కాయదని. అది చేతిలో చీరను మళ్ళీ నీళ్ళలో ముంచింది. తర్వాత, "అత్తయ్య నన్నొక మాట అడిగింది" అంది.

ఏమడిగిందో నేను అడగలేదు, ఆవిడ పెదనాన్న కథ నేనూ విన్నాను. "నువ్వేమన్నావు?"

"నవ్వా."

"నవ్వితే ఏమనుకుంటారే?"

"అందుకే నీకు చెప్తన్నా."

"నీకిష్టమా?"

సుశీల చీరను మెలితిప్పి, ఇక నీళ్ళు రాకపోయినా ఇంకా తిప్పింది. "నువ్వు పని వదిలేశావక్కా. నేను పని తీసుకున్నా. మనిషిని తీసుకోలా."

"మాకు ఆ రెండూ వేరు కాదే" అన్నాను. "మేం సంసారం మొదలుపెట్టింది ఆ చేలోనే."

అది తలెత్తి చూసింది. కళ్ళల్లో నీళ్ళు లేవు, కోపం ఉంది, చిన్నప్పుడు నా కొత్త పరికిణీ చూసినప్పటి కోపం. "అయితే ఎందుకు వదిలావు? అంతా నీకే ఉంటే ఏదో ఒకటి పక్కన పడేస్తావు. నేను ఏరుకుంటే తప్పు. ఇష్టమా అని నువ్వు అడగనట్టే ఉండు, నేను సోమవారం బస్సుకి పోతన్నా." బట్టలు తీగ మీద వేసి లోపలికి పోయింది. నేను దాన్ని దగ్గరకు తీసుకోలేదు. అది పోతానన్నందుకు సంతోషించాను, ఆ సంతోషం అసహ్యంగా ఉంది, అయినా సంతోషమే.

దీపాలు పెట్టే వేళ ఆయన వచ్చారు. వాకిట్లోనే ఆపి అడిగాను. "మీ అమ్మ సుశీలను అడిగిన సంగతి మీకు తెలుసా?"

ఆయన చెప్పులు విప్పుతూ ఆగారు. "నాక్కూడా అంది."

"మీరేమన్నారు?"

"ఏమీ అనలా."

అది నా భయానికి ఆకారం ఇచ్చిన మాట. ఒకరు నవ్వారు, ఒకరు ఏమీ అనలేదు. పత్తికి అన్ని కాపలాలున్నాయి, ఎవరూ ఏమీ అనకపోయినా ఆ పిందె రాలుతుంది. మనుషుల మధ్య అలాంటివేవీ లేవు. ఎవరో ఒకరు నోరు విప్పి కాదనాలి, అంతే, అదొక్కటే కంచె. "వెళ్ళి కాదని చెప్పండి" అన్నాను. "ఇప్పుడే. నాకు వినపడేట్టు." ఆయన నా ముఖంలోకి చూశారు. నేను పక్కకు తప్పుకోలేదు. కాసేపటికి లోపలికి వెళ్ళి, "అమ్మా, సుశీల సంగతి ఇంకెప్పుడూ ఎత్తొద్దు, అది జరిగేది కాదు" అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. అత్తగారు, "నేను మంచికే అన్నా గదరా" అంది. గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైంది. ఆయన చెప్పారు. కానీ అడిగితేనే చెప్పారు. ఆ రెండోది నేను ఇప్పటికీ మింగలేదు.

ఇప్పుడు సాగర్ కాలవ నీళ్ళు వచ్చాయి. కౌలు చెక్క దగ్గర ఎవరో వరి వేశారు. గేదె లేదు, పాలు సీసాల్లో కొంటున్నాం. అత్తగారు పోయి ఏడాదయింది. పెరట్లో ఆ చెట్టు ఆ వేసవిలోనే, పూలతోనే ఎండిపోయింది. ఇంట్లో కరెంటు దీపం ఉంది, కుర్చీలున్నాయి, సుశీల వస్తే కాఫీ పెడతాను, దాని కొడుక్కి చొక్కా కొంటాను. అప్పటికన్నా అన్నీ నెమ్మదిగా ఉన్నాయి. అసూయ తగ్గలేదు, దానికి మర్యాద వచ్చింది. ఆయనను ఎప్పుడూ నిలదీసి అడగలేదు, ఆ ఏమీ అనకపోవడంలో ఏముందో. అడిగితే జవాబు వస్తుందేమోనని.

ఆ సాయంత్రం తర్వాతి పొద్దున మాత్రం బాగా గుర్తుంది. అత్తగారు పత్తిగింజలు రుబ్బుతోంది. నేను పిల్లలిద్దరికీ చద్దన్నం పెట్టి, మూతులు తుడిచి, ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను. "ఇయ్యాల్టి నుంచి మీరిద్దరూ నాతో చేనుకొస్తారు. వేపచెట్టు కింద ఆడుకోండి. నేను నాన్న పక్కన పని చేస్తుంటాను. ఏడిస్తే వెంటనే రాను. కాసేపు ఏడవండి."